దూది దగ్గు

రైలు కదిలేదాకా బిగబట్టుకున్న దగ్గు చినరావూరు రాకముందే వచ్చేసింది. చాంద్ బాషా కిటికీ వైపు తిరిగి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నగా దగ్గి ఊరుకుందామనుకున్నాడు కానీ దగ్గుకి మర్యాదేం తెలుసు, పాత పరుపు మీద కర్రతో బాదినట్టు దబ్బుదబ్బుమని నాలుగుసార్లు వచ్చి, కళ్ళలో నీళ్ళు తెప్పించి పోయింది. ఎదురు బల్ల మీద జామకాయల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నావిడ చూసింది. చూడక ఏం చేస్తుంది, పొద్దున పూట రేపల్లె ప్యాసింజర్లో చూడ్డానికి ఇంకేముంది, కిటికీ బయట వరి, అది అయిపోతే మళ్ళీ వరి. "ఏంటి బాబాయ్ అంత దగ్గు, మందేమన్నా వాడుతున్నావా?" అంది. "దూదమ్మా. పరుపులు కుడతాను. నలుసు," అన్నాడు. ఆ మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. అయిదు నెలల్నించీ అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాడు, మొన్న మొన్నటిదాకా అది అబద్ధం కాదు, తనూ అలాగే నమ్మాడు, తొమ్మిది రోజుల్నించీ మాత్రం అది అబద్ధం, మాట మారలేదు, గొంతు మారలేదు, చెప్పే మనిషీ మారలేదు, మరి నిజం ఎక్కణ్ణించి లేచి ఎక్కడికి పోయిందో అతనికి అంతుపట్టలేదు. నాయన దగ్గాడు, తాత దగ్గాడు. దూదేకేవాళ్ళ ఇంట్లో దగ్గు వినపడకపోతే ఆ ఇంట్లో పని లేదని అర్థం. నాయన ఎనభై ఏళ్ళు దగ్గి, చివరికి పాము కరిచి పోయాడు. అంచేత ఎండాకాలం చివర్లో దగ్గు మొదలైతే, ఈ ఏడు కొత్త దూది మంచిది కాదనుకున్నాడు. జ్వరం సాయంత్రం పూట వస్తే మెషీను వేడనుకున్నాడు. బట్టలు వదులైతే, పెళ్ళాం లేనివాడి వంట ఇంతేననుకున్నాడు. ప్రతిదానికీ ఒక జవాబుంది, అన్నీ తప్పే.

చొక్కా జేబులో మాస్కుంది. రైలెక్కితే పెట్టుకోండి అని సర్కారు ఆస్పత్రి మనిషి మార్కు ఒక పొట్లం ఇచ్చాడు. పెట్టుకుంటే జామకాయలావిడ ఇంకో ప్రశ్న అడుగుతుంది. పెట్టుకోకపోతే ఆవిడ ఊపిరి, ఆవిడ పక్కన సెల్‌ఫోను చూసుకుంటున్న పిల్లల ఊపిరి. ఎవరు వీళ్ళంతా, తనకేం అవుతారు, తన పెళ్ళాం పోయిన రోజున వీళ్ళలో ఎవడు వచ్చాడు? ఎవరూ రాలేదు. రానివ్వలేదు. అయినా చెయ్యి జేబులోకి పోయింది, మాస్కు తీసింది, చెవులకి తగిలించింది. ఆవిడ పకపకా నవ్వింది. "అయ్యో బాబాయ్, మీ తెనాల్లో కరోనా ఇంకా పోలేదా? మా ఊళ్ళో పోయి నాలుగేళ్ళయింది, చెప్పి పంపించేది మీకు." పక్కనున్న పిల్ల కూడా నవ్వింది. అతనికీ నవ్వు రావాల్సింది, రాలేదు. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, గాలి మొహాన కొట్టింది, ఇక్కడైతే దగ్గు కూడా గాలిలో కొట్టుకుపోతుంది, చేల మీద పడుతుంది, చేలకి టీబీ రాదు. ఆ రెండక్షరాలు మనసులో అనుకున్నా సరే ఎవరన్నా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

రేపల్లెలో మనవరాలు. ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. ఇంకా చూడలేదు. నెల తక్కువలో పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు, ఏడో రోజున చేయాల్సిన తలనీలాలు ఆస్పత్రి గాజుపెట్టె వల్ల ఆగిపోయాయి, పద్నాలుగో రోజుకి ఇంటికొచ్చింది, ఇక ఇరవై ఒకటి దాటనివ్వకూడదని వియ్యపురాలు రుక్సానా పట్టుబట్టింది. అంతవరకూ బాగానే ఉంది. వెళ్ళొచ్చు, దూరంగా కుర్చీలో కూర్చోవచ్చు, గొంతు నొప్పి అని మాస్కు తీయకుండా ఉండొచ్చు. కానీ కూతురు తబస్సుమ్ ఫోన్ చేసి ఆ మాట అంది. "నాన్నా, తీపి నువ్వే నాకించాలి." ఖర్జూరపు పండు నోట్లో వేసుకుని మెత్తగా నమిలి, ఆ గుజ్జు వేలితో తీసి బిడ్డ అంగిట్లో రాయాలి. పుట్టగానే చేయాలి, గాజుపెట్టె దగ్గర నర్సు ఒప్పుకోలేదు, తల్లిపాలు తప్ప ఏదీ తగలనివ్వనంది, అదీ ఇవాళ్టికే ఆగింది. "అత్తయ్య వాళ్ళ అన్నగారితో చేయిద్దామంటోంది. నేనొప్పుకోలేదు. ఎవరు నాకిస్తే వాళ్ళ బుద్ధే వస్తుందంట కదా, నా కూతురికి మా నాన్న బుద్ధి రావాలన్నాను." "నా బుద్ధొస్తే అది ఎవరితోనూ మాట్లాడదే," అన్నాడు. తబస్సుమ్ నవ్వింది. ఆ నవ్వులోనే, "అమ్మ ఉంటే అమ్మ చేసేది," అంది. అక్కడ దెబ్బ కొట్టింది. ఆ మాట తర్వాత ఏ తండ్రి కాదంటాడు? సరేనన్నాడు. అప్పటికి మూడు ఎర్ర మాత్రలు మింగడం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. మార్కు మాటలు చెవిలో ఉన్నాయి, రెండు వారాలు మందు పడితే అంటించే జోరు తగ్గుతుందండి, అప్పటిదాకా జాగ్రత్త, చంటిపిల్లల జోలికి అసలు వెళ్ళొద్దు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రెండు వారాలకి అయిదు తక్కువ. ఆ అయిదు రోజులు ఎవర్ని అడగాలి? ఏమని అడగాలి?

జంపని వచ్చింది. ఈ ఊళ్ళోనే ఏడో తరగతి దాకా చదివాడు. ఒకసారి బడి మధ్యలో ఒళ్ళంతా పొక్కులొస్తే బ్రహ్మయ్య మాస్టారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అమ్మవారురా, ఇంటికి పో, పదిహేను రోజులు రావద్దు అన్నాడు. అమ్మ గుమ్మానికి వేపమండ కట్టింది. తురకల ఇల్లే, అయినా కట్టింది, వీధి కట్టేది కాబట్టి కట్టింది. ఆ మండ చూసి వచ్చేవాళ్ళు గుమ్మం బయటే నిలబడి మాట్లాడి, మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టి పోయేవాళ్ళు. ఎవరూ కాయితం రాయలేదు, ఎవరి పేరూ ఎక్కడికీ పంపలేదు, అందరికీ తెలిసింది, ఎవరికీ తలవంపులు కాలేదు. మండ ఎండిపోతే తీసి పారేశారు. అంతే. మరి ఆనాటి మండకీ, అయిదేళ్ళ కిందట కరోనాలో తన తలుపు మీద అంటించిన ఎర్ర కాయితానికీ తేడా ఏంటి? రెండూ లోపలికి రావద్దనే చెప్పాయి. మండ అమ్మ కట్టింది. కాయితం ఎవడో వచ్చి అంటించాడు. తేడా అంతేనా? అంతే అయితే ఇన్నేళ్ళ నుంచీ లోపల ఇంత మంటెందుకు? బ్లీచింగ్ పొడి వాసన ఇప్పటికీ ముక్కుకి తగిలితే చేతిలో ఏముంటే అది విసిరేయబుద్ధవుతుంది. రెండేళ్ళ దాకా ఆ తలుపు గీకినా జిగురు పోలేదు.

ఆనాడు పెళ్ళాం అబీదాకి జ్వరం వచ్చి మూడో రోజు. తబస్సుమ్‌కి చిన్నప్పట్నించీ ఆయాసం, అప్పటికి పెళ్ళి కాలేదు, లోపలి గదిలో ఉంది. అబీదా వంటింట్లో చాప వేసుకుని పడుకుంది. మధ్యాహ్నం సందు మొదట్లో తెల్ల బండి ఆగింది, నీలం గౌన్లు తొడుక్కున్న ఇద్దరు దిగారు, మొహాలు లేవు వాళ్ళకి, అద్దాలే. వాళ్ళ వెనక కాంతమ్మ, ఆశా వర్కరు, ఎదురు సందు మనిషి, చేతిలో పేర్ల కాయితం. ఎవరిచ్చారు పేరు? ఇంకెవరిస్తారు? ఇరవై ఏళ్ళు తన ఇంట్లో టీ తాగిన మనిషి. అబీదా చెప్పులు వేసుకుని, నల్ల బుర్ఖా తొడుక్కుని, ఒక్క మాట మాట్లాడకుండా బండెక్కింది. బండి తలుపు వేసేటప్పుడు "దానికి ఆవిరి పట్టండి" అంది, కూతురి గురించి. అదే ఆఖరు. బాపట్ల పక్కన ఒక కాలేజీ హాస్టల్ని ఆస్పత్రి చేశారు, అక్కడ పెట్టారు. తొమ్మిదో రోజున ఫోనొచ్చింది. వెళ్ళడానికి లేదు, గుమ్మానికి కర్రలు అడ్డం కట్టారు, పోలీసు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నా పెళ్ళాం పోయిందయ్యా అంటే, తెలుసు పెద్దాయనా, నా చేతుల్లో లేదు, చట్టం అన్నాడు, అతని కళ్ళలోనూ నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు చూసి ఇంకా కోపం వచ్చింది. గుసుల్ స్నానం లేదు, కఫన్ గుడ్డ లేదు, జనాజా నమాజుకి నాలుగు వరసలు లేవు. ప్లాస్టిక్ సంచీ. ఎవడో దయగల కుర్రాడు సెల్‌ఫోన్లో తీసి పంపాడు. ఇసుకలో మిషను తవ్విన గొయ్యి, తాళ్ళు, నలుగురు. రెండు నెలలకి బాపట్ల పోతే కాపలావాడు ఊరి చివర మూడు దిబ్బలు చూపించి, ఈ మూడిట్లో ఒకటి బాబూ అన్నాడు. మూడిటికీ చదివాడు. తన పెళ్ళానికి చెప్పాల్సిన దువా ఇద్దరు పరాయివాళ్ళకి పంచిపెట్టి వచ్చాడు. వాళ్ళ మొగుళ్ళో పెళ్ళాలో వచ్చి అబీదాకీ పంచారేమో. ఏమో.

అప్పట్నుంచీ కాంతమ్మతో మాట లేదు. సందులో ఎదురైతే ఉమ్మేవాడు. నేల మీదే, అయినా చూసేటట్టు. ఇప్పుడా ఉమ్మే సీసాలో పట్టి ఇమ్మన్నారు, పట్టి ఇచ్చాడు, అందులో పురుగు దొరికింది, ఆ సీసా తీసుకెళ్ళింది కూడా కాంతమ్మే. అల్లా హాస్యం ఆడతాడో లేదో పెద్దలు చెప్పలేదు. అంతకుముందు ప్రైవేటు డాక్టరు దగ్గరికి గుట్టుగా వెళ్ళాడు, ఎవరికీ తెలియకూడదనే వెళ్ళాడు, మూడో రోజుకి మార్కు బండేసుకుని దుకాణం ముందు దిగాడు, టీబీ సూపర్‌వైజరు, మెళ్ళో చిన్న సిలువ, నెమ్మదైన మనిషి. "నా పేరు మీకెవడిచ్చాడు?" అని అరిచాడు బాషా, దూది కర్ర చేతిలో ఉంది. "డాక్టరు గారేనండి. ఇవ్వకపోతే ఆయనకి కేసండి." "నా రోగం నాది. నా ఒంట్లో ఉంది. మీ ఆఫీసులో లేదు." "అవునండి, మీదే. అందుకే చూడండి, దుకాణం మీద కాయితం అంటించలేదు, జీపు రాలేదు, నేను కూడా పరుపు బేరానికి వచ్చినట్టే వచ్చాను. సర్కారుకి చెప్పకపోతే తప్పు, ఊరికి చెబితే తప్పు. రెండూ రూలేనండి." "రెండూ ఒకేసారి రూలెలా అవుతాయయ్యా?" మార్కు చేత్తో పరుపు ఒకటి నొక్కి చూసి, "నాకూ ఒక్కోసారి అర్థం కాదండి. మాత్రలు మాత్రం ఆపొద్దు," అన్నాడు. తర్వాత పుస్తకం తీశాడు. ఇంట్లో ఎవరెవరుంటారు? ఒక్కణ్ణే. ఈ ఆర్నెల్లలో ఎవరితోనన్నా ఒకే గదిలో పడుకున్నారా? లేదు. దగ్గర్లో అయిదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణీలు ఎవరన్నా? లేరు. మార్కు కలం ఆపి మొహంలోకి చూశాడు. లేరన్నాను కదా. సున్నా చుట్టాడు.

సున్నా. ఆ సున్నాలో తబస్సుమ్ ఉంది. ఏడో నెలలో చూసి రావడానికి రేపల్లె వెళ్ళాడు, పచ్చళ్ళు, కొత్త పరుపు, చిన్న దిండు పట్టుకెళ్ళాడు. వాన, నాలుగు రోజులు ఆగకుండా వాన. అల్లుడు ఫహీం రొయ్యల చెరువుల మోటార్లకి వైండింగు చేస్తాడు, కరెంటు పోతే చెరువుల దగ్గరే పగలూ రాత్రీ, ఇంట్లో లేడు. నాన్నా, నువ్వు నా గదిలోనే పడుకో, నాకు తోడుంటుంది అంది. దోమలని కిటికీ మూసింది. నాలుగు రాత్రులు ఆ మూసిన గదిలో దగ్గాడు. "ఏంటి నాన్నా ఈ దగ్గు, దూది మానెయ్యకూడదూ," అని మధ్యలో లేచి వెన్ను నిమిరింది. వెన్ను నిమిరింది కాబట్టి ఇంకా దగ్గరగా కూర్చుంది. ఇంకా దగ్గరగా కూర్చుంది కాబట్టి. ఆ తర్వాతది ఆలోచించలేక తలుపు కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. నెల తక్కువలో ఎందుకు పుట్టింది బిడ్డ? డాక్టర్లు ఏదో అన్నారు, రక్తం తక్కువన్నారు, బీపీ అన్నారు, ఇది అనలేదు. అనడానికి వాళ్ళకి తెలియదు. తెలిసింది తనకొక్కడికే.

జేబులో ఫోను మోగింది. కాంతమ్మ. మొన్నే ఆ పేరు ఎక్కించాడు, మాత్రల కోసం, పేరు లేకుండా ఒట్టి అంకెలుంచుదామనుకుని ఎందుకో ఎక్కించాడు. రోజూ పొద్దున్నే దుకాణం తెరవగానే దిండు గలీబు కొలతకి వచ్చిన దానిలాగా సంచీ పట్టుకుని వస్తుంది, సంచీలో మాత్రలు, మింగేదాకా నిలబడి పోతుంది. ఈరోజు దుకాణం మూసి ఉండటం చూసి ఉంటుంది. రెండుసార్లు మోగనిచ్చాడు. మూడోసారి ఎత్తాడు.

"అన్నయ్యా, దుకాణం తియ్యలేదేంటి? మాత్రలు వేసుకున్నావా?"

"నిన్న రెండ్రోజులవి ఇచ్చావుగా. వేసుకున్నాను."

"గాలి మోతేంటి, ఎక్కడున్నావు?" ఆవిడే జవాబు చెప్పుకుంది. "రేపల్లె రైల్లో ఉన్నావు. అన్నయ్యా, వద్దు. పసిగుడ్డు."

"ఎవరు చెప్పారు నీకు పసిగుడ్డని?"

"సందంతా నువ్వే కదా మిఠాయి పంచింది. నాకివ్వలేదు కానీ నాకూ తెలిసింది."

"అయితే ఫోన్ చెయ్యి. తబస్సుమ్‌కి చెయ్యి. పేర్లివ్వడం నీకలవాటేగా."

అవతల సందు మొదట్లో ఆటోల మోత వినిపించింది. "చెయ్యను అన్నయ్యా. చెప్పే హక్కు నాకు లేదు. రోగి ఒప్పుకోకుండా ఇంకోళ్ళకి చెబితే నా ఉద్యోగం పోతుందని మీటింగులో చదివి వినిపించారు."

"ఆనాడు ఉందా హక్కు?"

"ఆనాడు చెప్పకపోతే పోతుందన్నారు. ఈనాడు చెబితే పోతుందంటున్నారు. నన్నేం చెయ్యమంటావు, నాకు ఇచ్చింది కాయితాలే, బుర్ర ఇవ్వలేదు." ఆపకుండా అంది. "అయినా ఇదొక్కసారి విను. ఆనాడు జ్వరం సంగతి నాకు చెప్పింది వదినే. గోడ మీద నుంచి పిలిచి చెప్పింది. పిల్లకి ఆయాసం, నన్ను తీసుకెళ్ళిపోమను కాంతమ్మా, ఆయన ఒప్పుకోడు, ఆయనకి చెప్పొద్దు అంది. అయిదేళ్ళు చెప్పకుండా ఉన్నాను."

"చచ్చినోళ్ళ నోట్లో ఏ మాటైనా పెట్టొచ్చు," అని ఫోన్ పెట్టేశాడు.

వేమూరు వచ్చి పోయింది, చూడలేదు. గోడ మీద నుంచి. ఏ గోడ? వంటింటి వెనక గోడ. దాని మీద గాజు పెంకులున్నాయి, అబీదా అంత ఎత్తు లేదు. బండ మీద ఎక్కి ఉంటుంది, బట్టలుతికే బండ. ఎక్కలేదు. జ్వరంతో ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఎందుకెక్కింది, తనకెందుకు చెప్పలేదు, ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఉప్పు తక్కువైతే కూడా తనకే చెప్పేది. ఒప్పుకోడు అన్నదంట. ఒప్పుకునేవాడు కాదు, నిజమే, కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. చెప్పులు వేసుకుని మాట్లాడకుండా బండెక్కింది, అది నిజం, తను కళ్ళారా చూసింది. ఏడవలేదు. ఎందుకు ఏడవలేదు? భయపడి ఏడవలేదనుకున్నాడు ఇన్నేళ్ళూ. బుర్ఖా ముందే తీసి పెట్టుకుందా? చేతిలో చిన్న సంచీ ఒకటి ఉన్నట్టు గుర్తు. ఉందా? ఆ సంచీ ఇప్పుడే కాంతమ్మ మాట విన్నాక పుట్టిందా, మొదట్నుంచీ ఉందా? ఎంత గట్టిగా చూసినా ఆ చెయ్యి కనిపించడం లేదు, బండి తలుపే కనిపిస్తోంది. కాంతమ్మ అబద్ధమాడుతుంటే, ఎందుకు, ఇప్పుడు దానివల్ల ఆవిడకేం వస్తుంది? నిజం చెబుతుంటే అయిదేళ్ళు తను ఉమ్మింది ఎవరి మీద? ఒకవేళ అబీదాయే చెప్పినా, గుసుల్ లేకుండా పూడ్చమని చెప్పలేదు కదా. ప్లాస్టిక్ సంచీ అడగలేదు కదా. మూడు దిబ్బలు అడగలేదు కదా. పిల్ల బతకాలంది, అంతే, వాళ్ళు దానికి ఇంత తీసుకున్నారు. అంత తీసుకోవాలా? కొంచెం తీసుకుని కొంచెం వదలకూడదా? ఎంత తీసుకోవాలో కొలిచేవాడెవడు? పరుపుకైతే కొలత ఉంది, ఇంత పొడుగు, ఇంత దూది. దీనికి ఎవడి దగ్గర టేపు ఉంది?

"బాబాయ్, పడతావు, లోపలికి రా," అని జామకాయలావిడ అరిచింది. భట్టిప్రోల్లో దిగిపోతూ ఒక కాయ అతని చేతిలో పెట్టింది. "దూదికి మంచిది, జామకాయ. గొంతు సాఫీ అవుతుంది." డబ్బులొద్దంది. వేళ్ళు వేళ్ళకి తగిలాయి. చేతితో తగిలితే రాదని మార్కు చెప్పాడు, గాలితోనే వస్తుంది, అయినా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, ఆవిడకేం అర్థమైందో, "సిగ్గు చూడు బాబాయ్‌కి," అని నవ్వుకుంటూ పోయింది.

ఇంకో ఇరవై నిమిషాలు. పల్లెకోనలో దిగి వెనక్కి పోవచ్చు. దిగి ఫోన్ చేసి, దారిలో వాంతులమ్మా, రాలేను అంటే సరి. పన్ను నొప్పి, నమల్లేను అంటే ఇంకా సరి, మీ అత్త అన్నగారితోనే చేయించు. అబద్ధానికి దారులు బోలెడు. దూది అనే అబద్ధం ఇంకా ఉండనే ఉంది, అది అయిదు నెలలు మోసింది, ఇంకో పూట మోయదా? బిడ్డ నోట్లో తన ఉమ్మి పడదు, పీడా పోయింది. పోయిందా? నాలుగు రాత్రులు ఎక్కడికి పోతాయి? తబస్సుమ్ ఊపిరిలో ఇప్పుడు ఏముందో పరీక్ష చేస్తే కానీ తెలియదు, పేరు చెబితే కానీ పరీక్ష చేయరు, బిడ్డకి ముందుగా వేసే మందుందట, తల్లి సంగతి తేలకుండా ఎలా వేస్తారు. చెబితే? చెబితే రుక్సానా ఇల్లు. వాళ్ళు ఉర్దూ మాట్లాడే ఇల్లు, దూదేకులవాళ్ళ పిల్లని చేసుకోవడమే గొప్ప దయ అనుకునే ఇల్లు. పెళ్ళిలో రుక్సానా అన్న నవ్వుతూ, మీకు నమాజన్నా ఉర్దూలో వచ్చా అన్నాడు, నమాజు అరబ్బీలో కదండీ అని చెప్పి వాడి నవ్వు ఆపాడు, ఆ లెక్క వాళ్ళ దగ్గర ఇంకా తీరలేదు. క్షయ ఇంటి పిల్ల అంటారు. కంచం వేరు చేస్తారు, గ్లాసు వేరు, గది వేరు. పాలివ్వొద్దు, బిడ్డని ఇటివ్వు అంటారు, తల్లిపాలు ఆపొద్దని ఎవడు వెళ్ళి చెబుతాడు? తెల్ల బండి రాదు, కర్రలు కట్టరు, పోలీసు కుర్చీ వేసుకోడు, అవన్నీ ఇంట్లోవాళ్ళే చేస్తారు. అప్పుడు సర్కారు మీద కోపం పెట్టుకున్నాడు, ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలి? తన నోరు మూసుకునే హక్కు తనకుంది, అది చట్టమే ఇచ్చింది, కాంతమ్మ కూడా దానికి కాపలా కాస్తోంది, అబీదాకి ఇవ్వనిది తనకి ఇచ్చారు, మొట్టమొదటిసారి సర్కారు తన పక్షాన నిలబడింది, సరిగ్గా నిలబడకూడని చోట నిలబడింది. చెబితే కూతురి పరువు. చెప్పకపోతే కూతురి ఊపిరి. రెండూ కూతురివే. తనది ఇందులో ఏముంది? తనదంటూ ఉన్నది ఒక్క పేరు, షేక్ చాంద్ బాషా, పరుపులు, తెనాలి.

పల్లెకోనలో రైలు ఆగింది. కాలు మెట్టు మీదికి దించాడు. మెట్టు మీద ఆ కాలు ఉంచి, ఎందుకు దించాడో, ఎందుకు దిగడం లేదో తెలియక అలాగే నిలబడ్డాడు. గార్డు ఈల వేశాడు. కాలు పైకొచ్చింది. అతను తీశాడో, రైలు కుదుపుకి వచ్చిందో చెప్పలేడు.

రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. రైలు ఇంకెక్కడికీ పోదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి, జనం అందరూ దిగాల్సిందే. ప్లాట్‌ఫారం మీద ఫహీం నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, గోళ్ళ సందున మోటారు నలుపు. నవ్వుకుంటూ ఎదురొచ్చి సంచీ అందుకోబోయాడు. "సలాం మామయ్యా. లేటయిందేంటండి, ఇంట్లో అందరూ మీకోసమే. తబస్సుమ్ తెల్లారుజామునే బిడ్డకి స్నానం చేయించి పెట్టింది. అమ్మ మదీనా ఖర్జూరం తెప్పించింది, మీరు నమలడానికి మెత్తగా ఉంటుందని."

"నేను నాకించను."

"అదేంటండి?" ఫహీం నవ్వు సగంలో ఆగింది. "అమ్మ ఏమన్నా అందా ఫోన్లో? మా మేనమామ సంగతేనా? ఆయనది నోటి దురుసండి, మనసులో ఏం ఉండదు."

"మీ వాళ్ళెవరూ ఏమీ అనలేదు."

"మరి? ఇప్పుడు మీరు కాదంటే తబస్సుమ్ ఏడుస్తుందండి. పంతాలకి ఇవాళ రోజు కాదు మామయ్యా. మీరు పెద్దవాళ్ళు, మీకు నేను చెప్పాలా?"

పంతం. నిజమే, తనని ఎరిగినవాడెవడైనా అదే అనుకుంటాడు. ఆ మాటని పట్టుకుని నిలబడిపోవచ్చు, అవునయ్యా పంతమే అని వెనక్కి అదే రైలెక్కొచ్చు, కూతురు ఏడుస్తుంది, తిడుతుంది, కొన్నాళ్ళకి మరిచిపోతుంది, మొండి ముసలాడని పేరు ఎటూ ఉన్నదే. నోరు తెరిచాడు, ఏ మాట వస్తుందో తెరిచేదాకా తెలియలేదు. "నాకు టీబీ," అన్నాడు. "దూది కాదు. పరీక్షలో వచ్చింది. ఏడో నెలలో మీ ఇంట్లో నాలుగు రాత్రులు ఆ గదిలోనే పడుకున్నాను. దాన్నీ బిడ్డనీ ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్ళు. వేడుక తర్వాత కాదు, ఇవాళే. నా పేరు రాయించు. పాలు ఆపమని మీ అమ్మ అంటే, ఆపాలో వద్దో డాక్టర్ని చెప్పమను, మీ అమ్మని కాదు."

ఫహీం ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసినట్టు అతనికి తెలియదు, చూపు మామగారి మొహం మీదే ఉంది, సంచీ కోసం చాచిన చెయ్యి చాచినట్టే ఉంది, కాలు మాత్రం వెనక్కి పోయింది. మంచి కుర్రాడు. మర్యాదస్తుడు. వెంటనే తేరుకుని "మామయ్యా" అన్నాడు, జేబులోంచి ఫోను తీశాడు, ఆస్పత్రికో ఇంటికో. వెనక్కి వేసిన అడుగు మాత్రం ముందుకి రాలేదు. రాకూడదు కూడా. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న తండ్రి అక్కడే నిలబడాలి, అంత దూరంలోనే, చాంద్ బాషాయే అతని స్థానంలో ఉంటే రెండడుగులు వేసేవాడు. అది సరైన అడుగే. సరైనదైనందుకే బాషా దాన్ని క్షమించలేకపోయాడు.